అమీర్‌పేట ‘ట్రాఫిక్ ప్యాకేజీ’: 6,000 కట్టాక నా అనుభవం

మల్కాజిగిరిలో మా మిద్దె తోట గురించి మూడేళ్లుగా తెలుగులో బ్లాగు రాస్తున్నాను. బ్లాగులో ప్రకటనలు పెట్టి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌లో 10 డాలర్లు దాటగానే అడ్రసు సరిచూడటానికి పోస్టులో పిన్ వస్తుంది. అంచులు చింపి విప్పే ఆ కాగితం వచ్చిన రోజు మా అత్తయ్యగారికి కూడా చూపించాను, అంత సంతోషం! కానీ 100 డాలర్లు నిండితేనే డబ్బు బ్యాంకులో పడుతుంది. అది నిండేలా లేదని అమీర్‌పేటలో ఒక సంస్థకు 6,000 రూపాయలు కట్టి, బ్లాగు చూసేవాళ్లను పెంచుతామనే ఈ ‘ట్రాఫిక్ ప్యాకేజీ’ తీసుకున్నాను.

రోజుకు వందమంది చూసే బ్లాగుకు వారంలో నాలుగు వేల మంది! ఎవరు ఎక్కడి నుంచి చూస్తున్నారో చూపే గూగుల్ అనలిటిక్స్ తెరిస్తే గుండె జారిపోయింది. టమాటా తెగుళ్ల మీద తెలుగులో రాసిన పేజీని ఏవేవో దేశాల నుంచి తెరిచి, రెండు సెకన్లలో వెళ్లిపోతున్నారు. వాళ్లు మనుషులే కాదు. ప్రకటనల మీద ఇలాంటి దొంగ క్లిక్కుల డబ్బును యాడ్‌సెన్స్ కోసేస్తుంది, ఖాతానే మూసేయొచ్చు కూడా. ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రలేదు. వెంటనే ఆపించాను. డబ్బు తిరిగివ్వలేదు, ఇప్పుడు ఫోనూ ఎత్తరు.

తర్వాత, గూగుల్‌లో ఏ మాటలు వెతికితే మన బ్లాగు కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్ చూడటం నేర్చుకున్నాను, అది ఉచితం. జనం వెతికేది ‘మిరప ఆకు ముడత’ అని. నేను పెట్టిన శీర్షిక ‘తామర పురుగుల నివారణ’. దాన్ని మార్చి, ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే తెల్లనల్లి అని మా కుండీల ఫొటోలతో చూపించాను. ఆ ఒక్క పేజీకే ఇప్పుడు రోజూ అరవై మంది వస్తున్నారు. చివరిదాకా చదువుతున్నారు.