కెమెరా కేబుల్, డెబియన్ డెస్క్‌టాప్, జీఫోటో2: ఏళ్ళ తరబడి వాడాక

లినక్స్‌లో కేబుల్ పెట్టి కెమెరాలోంచి ఫొటోలు దించుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, నిక్షేపంగా దించుకోవచ్చు అంటాను. కొన్నేళ్ళుగా నా పని మొత్తం అలాగే నడుస్తోంది. కెనాన్ డీఎస్ఎల్ఆర్, డెబియన్ అనే లినక్స్ ఉన్న డెస్క్‌టాప్, మధ్యలో ఫొటోలు దించే జీఫోటో2, ఫొటోలు చూసుకోవడానికి డిజికామ్. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున తీసినవి, సింహాచలం గిరిప్రదక్షిణలో రాత్రంతా తీసినవి, డిసెంబరు 4న నేవీ డేకి ఆర్కే బీచ్‌లో హెలికాప్టర్ల వెంటపడి తీసినవి, అన్నీ ఈ దారినే కంప్యూటర్‌లోకి చేరాయి. కానీ ఈ దారిలో ఒక గొడవ తరచూ ఎదురవుతుంది. కేబుల్ పెట్టినా కెమెరాను అందుకోలేకపోయానని జీఫోటో2 ఎర్రర్ చూపిస్తుంది. దానికి అందరూ పెట్టే పేరు 'పర్మిషన్ ప్రాబ్లం'. నేను చూసినంతలో ఆ పేరు చాలాసార్లు తప్పు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను, ఎందుకంటే మిగతాదంతా బాగానే పనిచేస్తుంది.

కార్డ్ రీడర్ ఒకటి కొనుక్కుంటే పోతుంది కదా అనేవాళ్ళకు ముందే చెబుతాను. మేముండేది పెదవాల్తేరు, సముద్రం దగ్గర్లోనే. రీడర్‌ను టేబుల్ మీద వదిలేస్తే కొన్నాళ్ళకే లోపలి పిన్నుల మీద చిలుము పడుతుంది. అలాంటి రీడర్‌లో పెట్టిన కార్డు ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. పైగా కార్డును రోజూ తీసి పెడుతుంటే దాని పక్కనుండే చిన్న లాక్ మీట ఊడిపోతుంది. కెమెరా మాత్రం సిలికా జెల్ వేసిన డబ్బాలో ఉంటుంది, కార్డు దాంట్లోనే భద్రంగా ఉంటుంది. కేబుల్ అరిగితే కేబుల్ మార్చుకుంటాం, అంతే. టేబుల్ మీద వస్తువులు తీసేటప్పుడు నొక్కిన ఫొటో నేరుగా స్క్రీన్ మీదికి రావాలన్నా కేబులే కావాలి. ఆ పని రీడర్‌తో కాదు.

జీఫోటో2 అనేది టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, నడిచే ప్రోగ్రాం. అసలు పని చేసేది దాని కింద ఉన్న లిబ్‌జీఫోటో2 లైబ్రరీ. డిజికామ్, డార్క్‌టేబుల్, ఎంటాంగిల్, గ్నోమ్ ఫైల్స్ అన్నీ కెమెరాతో మాట్లాడేది దాని ద్వారానే. 2500కు పైగా కెమెరా మోడళ్ళు దానికి తెలుసు. ఇప్పటి కెమెరాల్లో ఎక్కువ భాగం పీటీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి. దానికి ఐఎస్ఓ 15740 అని ప్రమాణం కూడా ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పీటీపీ కెమెరా పెన్‌డ్రైవ్‌లా డిస్కుగా కనబడదు. దానికోసం లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ప్రత్యేకంగా డ్రైవర్ ఏమీ ఉండదు. మనం నడిపే ప్రోగ్రామే యూఎస్‌బీ మీద నేరుగా కెమెరాతో మాట్లాడుతుంది. అలా మాట్లాడాలంటే /డెవ్/బస్/యూఎస్‌బీ కింద ఆ కెమెరాకు పుట్టిన ఫైలును చదివే, రాసే హక్కు మన లాగిన్‌కు ఉండాలి. పర్మిషన్ గొడవంతా ఈ ఒక్క ఫైలు దగ్గరే.

ఆ హక్కు ఎలా వస్తుందో తెలిస్తే సగం తంటా తీరుతుంది. కెమెరా తగిలించగానే, పరికరాలను గుర్తుపట్టే యూడెవ్ అనే భాగం దాన్ని చూస్తుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీతో వచ్చే నియమాల్లో పీటీపీ పరికరాలను గుర్తుపట్టే వరస ఒకటుంది. అది కెమెరాకు 'యూయాక్సెస్' అనే గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తున్న పరికరం మీద, ఆ క్షణంలో స్క్రీన్ ముందు లాగిన్ అయి ఉన్న మనిషికి సిస్టమ్ హక్కు రాసిస్తుంది. కళ్ళారా చూడాలంటే, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండు కొట్టి బస్ నంబరు, డివైస్ నంబరు తెలుసుకుని, ఆ ఫైలును ఎల్ఎస్ హైఫన్ ఎల్‌తో చూడండి. పర్మిషన్ అక్షరాల వరస చివర చిన్న ప్లస్ గుర్తు కనబడుతుంది. అదే మన హక్కు పత్రం. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కొడితే అందులో మన యూజర్ పేరు, పక్కన ఆర్ (చదవడం), డబ్ల్యూ (రాయడం) అక్షరాలు కనబడతాయి. నేను ఎవరి కంప్యూటర్ దగ్గర కూర్చున్నా మొదట వెతికేది ఆ ప్లస్ గుర్తునే. అది ఉందంటే పర్మిషన్ ఉన్నట్టే. ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

మరి ప్లస్ గుర్తు ఉండగా కూడా 'కుడ్ నాట్ క్లెయిమ్ ది యూఎస్‌బీ డివైస్' అని, పక్కన మైనస్ 53 అని ఎందుకు వస్తుంది? ఆ సందేశాన్ని చివరిదాకా చదవండి. కెమెరాను వేరే ప్రోగ్రాం వాడటం లేదని చూసుకోండి, చదివే రాసే హక్కు కూడా ఉందో లేదో చూసుకోండి అని రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి. చాలామందికి రెండో ముక్కే కంటపడుతుంది. తాళంచెవి లేకపోవడం వేరు, లోపల మరొకరు గడియ వేసుకుని కూర్చోవడం వేరు. ఇక్కడ జరిగేది ఎక్కువగా రెండోదే. గ్నోమ్, సినమన్ లాంటి డెస్క్‌టాప్‌లలో జీవీఎఫ్ఎస్ అనే భాగం ఉంటుంది. కెమెరా తగిలించగానే మనకంటే ముందు అదే అందుకుని మౌంట్ చేసేస్తుంది, అంటే ఫోల్డర్‌లా తెరిచి పెట్టేస్తుంది. ఒక సమయంలో కెమెరా ఒక్క ప్రోగ్రాంతోనే మాట్లాడుతుంది కాబట్టి జీఫోటో2కు సందు దొరకదు.

దీనికి మందు తేలిక. ఫైల్స్ కిటికీలో ఎడమపక్క కెమెరా పేరు కనబడుతుంది. దాని పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, ఆ తర్వాత జీఫోటో2 నడపండి. టెర్మినల్‌లోనే చేయాలంటే జీఐఓ మౌంట్ కమాండుతో అన్‌మౌంట్ చేయొచ్చు. చాలామంది జీవీఎఫ్ఎస్ ప్రాసెస్‌ను చంపేయమని చెబుతారు. చంపితే ఆ పూటకు పని జరుగుతుంది గానీ, అడిగినప్పుడల్లా అది మళ్ళీ లేచొస్తుంది. నేను మాత్రం నా లాగిన్‌లో ఆటోమౌంట్ ఆపేశాను. దానివల్ల పెన్‌డ్రైవ్ పెట్టినా తనంతట తాను తెరుచుకోదు, ఒక క్లిక్కు అదనం. ఆ క్లిక్కు నాకు బరువు కాలేదు. ఇంట్లో అందరూ ఒకే లాగిన్ వాడుతుంటే మాత్రం ఇలా చేయొద్దు, పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు.

మా వీధిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకసారి ఇదే గొడవతో వచ్చాడు. కమాండును రూట్, అంటే అడ్మిన్, అధికారంతో నడిపించే సుడో మీద అతని చూపు.

"అన్నా, సుడో పెట్టి నడిపితే వచ్చేస్తుంది కదా?"

"వస్తే ఆ ఫొటోలు ఎవరి పేరు మీద పడతాయో చూడు."

చూశాడు. అన్నీ రూట్ పేరు మీదే ఉన్నాయి. వాటిని డిజికామ్‌లో తిప్పబోతే తిరగవు, ట్యాగ్ రాయబోతే రాయనివ్వదు. ఇంకో సంగతి కూడా ఉంది. కెమెరాను జీవీఎఫ్ఎస్ పట్టుకుని ఉంటే సుడో పెట్టినా అదే మైనస్ 53 వస్తుంది. కెమెరా పనికి సుడో అక్కర్లేదు, ఎప్పుడూ అక్కర్లేదు. ఈ విషయంలో నేను మెత్తబడను.

ఇక నిజంగానే ప్లస్ గుర్తు లేని సందర్భాలు. పీటీపీ మాట్లాడని పాత కెమెరాలు కొన్ని ఉంటాయి. తయారీదారు సొంత భాషలో మాట్లాడే వాటిని గుర్తుపట్టే జాబితా లిబ్‌జీఫోటో2 ప్యాకేజీతో వస్తుంది. ఆ ప్యాకేజీ లేకపోయినా, ఆ మోడల్ జాబితాలో లేకపోయినా మనమే ఒక నియమం రాసుకోవాలి. ఫైలును /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ లో పెట్టాలి. పేరు ముందు అంకె 73 కంటే తక్కువ ఉండాలి. యూయాక్సెస్ గుర్తును చూసి హక్కు ఇచ్చే నియమం 73వ అంకెతో ఉన్న ఫైల్లో ఉంటుంది కాబట్టి, మన ఫైలుకు 99 అని పెడితే గుర్తు తగిలేసరికే ఆ ఘట్టం దాటిపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో 99 అంకె విరివిగా కనబడుతుంది, అవి గుడ్డిగా ఎక్కించుకోవద్దు. మరీ పాత నమూనాల్లో సిస్‌ఎఫ్ఎస్ అనే పదంతో మొదలయ్యే వరసలుంటాయి. ఇప్పటి యూడెవ్‌కు అవి అర్థం కావు, ఏటీటీఆర్ఎస్ అని రాయాలి. కంపెనీ నంబరును చిన్న అక్షరాల్లోనే రాయాలి. కెనాన్‌ది 04ఏ9. ఇందులో ఏ పెద్ద అక్షరమైతే నియమం తగలదు. ప్లగ్‌డెవ్ గ్రూపు పేరున్న నియమాన్ని ఫెడోరాలో పెట్టినా ప్రయోజనం లేదు. డెబియన్, ఉబుంటులలో ఉండే ఆ గ్రూపు అక్కడ మామూలుగా ఉండదు. నియమం రాశాక యూడెవ్‌ను రీలోడ్ చేయించి, కేబుల్ తీసి మళ్ళీ పెట్టాలి.

ఆ ఫైలు హక్కులు అందరికీ తెరిచేద్దామని సీహెచ్‌మాడ్ 666 కొట్టేవాళ్ళకు ఒక మాట. కేబుల్ తీసి పెట్టిన ప్రతిసారీ కెమెరాకు కొత్త నంబరు వస్తుంది. ఇందాక 007 అయినది ఇప్పుడు 008 అవుతుంది. మీరు హక్కులు మార్చిన ఫైలు అప్పటికే మాయమై ఉంటుంది.

ఎక్కడా రాసి ఉండని చిక్కు ఒకటి మా ఇంట్లోనే తేలింది. ఇదే డెస్క్‌టాప్‌లో మా చెల్లికి వేరే లాగిన్ ఉంది. తను స్విచ్ యూజర్ నొక్కి లోపలికి వెళ్తే, నా సెషన్ వెనక్కు పోతుంది. హక్కు ఎప్పుడూ స్క్రీన్ ముందున్న మనిషిదే కాబట్టి కెమెరా ఆమెదైపోతుంది. వెనక నడుస్తున్న నా స్క్రిప్టుకు కెమెరా అందదు. ఇంకో గదిలోంచి నెట్‌వర్క్ ద్వారా, అంటే ఎస్‌ఎస్‌హెచ్ మీద, లాగిన్ అయి వచ్చినా ఇంతే. ఆ లాగిన్‌కు స్క్రీన్ లేదు, కాబట్టి యూయాక్సెస్ ద్వారా హక్కూ రాదు. ఇది లోపం కాదు. ఎక్కడో దూరంగా కూర్చున్నవాడు మన గదిలో కెమెరా నొక్కకుండా కాపాడే ఏర్పాటు. అలాంటి అవసరం నిజంగా ఉన్నవాళ్ళు నియమంలో ఒక గ్రూపు పేరు, 0660 హక్కులు రాసుకుని, తమ యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చుకుంటే సరిపోతుంది. గ్రూపులో చేరాక లాగౌట్ అయి రావడం మాత్రం తప్పనిసరి.

వీటన్నిటికంటే ముందు, ఎల్ఎస్‌యూఎస్‌బీలో అసలు కెమెరా పేరే లేకపోతే పర్మిషన్ల మాట ఎత్తకండి. అది ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ కావచ్చు, కెమెరా తనంతట తాను నిద్రపోయి ఉండొచ్చు. కొన్ని కెనాన్ మోడళ్ళలో వైఫై ఆన్ చేసి ఉంటే కేబుల్ కనెక్షన్ పనిచేయదు, మెనూలో ఆపాలి.

రోజువారీ వాడకంలో జీఫోటో2లో నాకు బాగా నచ్చింది స్కిప్-ఎగ్జిస్టింగ్. ఇప్పటికే దించిన ఫొటోలను వదిలేసి కొత్తవే తెస్తుంది. నేవీ డే లాంటి రోజున బరస్ట్‌లో తీసిన రా ఫైళ్ళు ఒక్కొక్కటి పాతిక మెగాబైట్ల దాకా ఉంటాయి. మధ్యలో బ్యాటరీ అయిపోయినా మళ్ళీ మొదటి నుంచి దించక్కర్లేదు. ఫైల్‌నేమ్ ఆప్షన్‌తో నమూనా ఇస్తే ఫైలు పేర్లలో తేదీ, సమయం కూడా పెడుతుంది. క్యాప్చర్-టెథర్డ్ పెట్టి వదిలేస్తే నొక్కిన ప్రతి ఫొటో ఫోల్డర్‌లో వచ్చి పడుతుంది. వేగం విషయానికొస్తే, నా కెమెరాది యూఎస్‌బీ 2.0. దాని గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు అంటారు గానీ చేతికి వచ్చేది అంతకంటే బాగా తక్కువే. పెద్ద కార్డు దించాలంటే టీ పెట్టుకుని తాగేంత సేపు పడుతుంది. అర్జెంటుగా ఫొటోలు పంపాల్సిన పత్రికలవాళ్ళకు మంచి రీడరే నయం.

డిజికామ్‌ను నేను డెబియన్ భాండారం నుంచే పెట్టుకుంటాను. స్నాప్ అనే రకం ప్యాకేజీ తెచ్చుకుంటే అది మిగతా సిస్టమ్‌తో సంబంధం లేకుండా గోడల మధ్య నడుస్తుంది కాబట్టి బయట హక్కులన్నీ సరిగ్గా ఉన్నా లోపలికి కెమెరా కనబడకపోవచ్చు. దానికి రా-యూఎస్‌బీ అనుమతిని విడిగా కలపాల్సి ఉంటుంది. అది కలపకుండా యూడెవ్ నియమాలు ఎన్ని రాసుకున్నా ఉపయోగం ఉండదు.

ఇన్నేళ్ళ వాడకంలో నాకు మిగిలిన అసంతృప్తి ఆ మైనస్ 53 సందేశం ఒక్కటే. కెమెరాను పట్టుకున్న ప్రోగ్రాం ఏదో దాని పేరుతో చెప్పి, హక్కు లేకపోతే ఆ సంగతి వేరుగా చెబితే, కొత్తవాళ్ళు సుడో దాకా వెళ్ళే పనే ఉండదు.