మూడు మట్టి కుండల కంపోస్టరు: అపార్ట్‌మెంటు వంటింటికి ఎంతవరకు పనికొస్తుంది?

వంటింటి తడి చెత్తను ఇంట్లోనే ఎరువుగా మార్చుకోవడానికి మార్కెట్లో దొరికే సాధనాల్లో, ఒకదానిపై ఒకటి పేర్చిన మూడు మట్టి కుండల కంపోస్టరే అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి అన్నింటికన్నా అనువైనదని దీన్ని చాలాకాలంగా వాడుతున్న నా అభిప్రాయం. అయితే అమ్మేవారు చెప్పేటంత సులువు మాత్రం ఇందులో లేదు. రోజూ రెండు నిమిషాల శ్రద్ధ, వారానికోసారి కాస్త ఓపిక ఉన్నవారికే ఇది పనికొస్తుంది.

ఈ నమూనాను మన దేశంలో బాగా ప్రచారంలోకి తెచ్చినది బెంగళూరుకు చెందిన డైలీ డంప్ సంస్థ. పూనమ్ బీర్ కస్తూరి 2006లో దాన్ని ప్రారంభించారు. ఇప్పుడు అనేక సంస్థలు, కొన్నిచోట్ల కుమ్మరులు కూడా ఇదే పద్ధతిలో కుండలు తయారుచేసి అమ్ముతున్నారు. నేను వాడుతున్నది అలాంటి ఒక చిన్న తయారీదారు నుంచి కొన్నది. కొలతల్లో, నాణ్యతలో తేడాలున్నా పనిచేసే తీరు అన్నింటిలోనూ ఒకటే.

పై రెండు కుండలకు పక్కల గాలి ఆడే రంధ్రాలు ఉంటాయి. వాటి అడుగుభాగం మూసి ఉండదు. తాళ్ల అల్లికపైనో, సన్నటి కంతలున్న పళ్లెంపైనో పాత వార్తాపత్రిక పరిచి వాడుకోవాలి. అన్నింటికన్నా కిందిది మూసిన అడుగుతో ఉండే నిల్వ కుండ. పైకుండలో రోజూ కూరగాయల తొక్కలు, టీ పొడి, పూజలో వాడిన పూలు వేసి, దానిపై పిడికెడు పొడి పదార్థం (ఎండుటాకులో, కుండలతో పాటు అమ్మే పొడో) చల్లి మూత పెట్టాలి. అది నిండాక రెండో స్థానానికి దించి, ఖాళీగా ఉన్న కుండను పైకి ఎక్కిస్తారు. ఆ కుండ నిండేలోగా కిందికి దించినది సగానికి పైగా కుంగిపోతుంది; దాన్ని అడుగు కుండలోకి వంపి పూర్తిగా మాగనివ్వాలి. మొత్తం మీద మొదటి ఎరువు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో ఎరువు తయారవుతుందని చెప్పే ప్రకటనలను నమ్మవద్దు.

దీనితో పాటు అంటగట్టే పొడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ఖర్చు కుండలది కాదు, పొడిది. కుండల సెట్టు రెండు మూడు వేల రూపాయల పైమాటే అయినా అది ఒక్కసారి పెట్టే ఖర్చు. పొడి మాత్రం అయిపోయినప్పుడల్లా కొనాలి. అందులో ఉండేది ముఖ్యంగా కొబ్బరి పీచు పొడి, దానికి కలిపిన సూక్ష్మజీవులు. తడి చెత్తలో నత్రజని, నీరు ఎక్కువ. ఎండు పదార్థంలో కర్బనం ఎక్కువ. నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం పాతిక నుంచి ముప్పై పాళ్లు ఉన్నప్పుడు కుళ్లే పని సవ్యంగా సాగుతుందని కంపోస్టు శాస్త్రం చెబుతుంది. ఆ కర్బనాన్ని అందించడానికి దుకాణంలో కొన్న పొడే అక్కర్లేదు. వీధిలో ఊడ్చి పక్కన పోసిన ఎండుటాకులు, వడ్రంగి దగ్గర దొరికే రంపపు పొట్టు, ముక్కలుగా చింపిన అట్టపెట్టెలు చక్కగా సరిపోతాయి. రసాయనం పూసిన ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు. సూక్ష్మజీవుల కోసం పులిసిన మజ్జిగలో నీళ్లు కలిపి చిలకరించినా, ముందు తయారైన ఎరువును గుప్పెడు కలిపినా చాలు. ఈ మాట కుండలతో పాటు ఇచ్చే కరపత్రంలో ఎక్కడా రాయకపోవడానికి కారణం వ్యాపారమేనని నా అనుమానం.

ఏం వేయాలో చెప్పే కరపత్రం మన వంటిళ్లను చూసి రాసినది కాదు. మిగిలిన అన్నం, పప్పు, సాంబారు రోజూ ఒలకబోస్తే కుండ పులిసి వాసన వేస్తుంది; నీరు వడగట్టి, కొద్దికొద్దిగా, పొడి పదార్థం రెట్టింపు వేస్తేనే అవి ఇముడుతాయి. చింతపండు పిప్పి, కరివేపాకు, అరటి తొక్కలు, నలిపిన కోడిగుడ్డు పెంకులు ఇబ్బంది పెట్టవు. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, చెరకు పిప్పి నెలల తరబడి అలాగే ఉండిపోతాయి కనుక వాటిని వేరుగా ఉంచడమే మేలు. మాంసం, చేపల వ్యర్థాలు బాల్కనీలో పెట్టిన కుండకు తగవు. వినాయక చవితి పత్రి అయితే ఎండబెట్టి దాచుకుంటే పొడి పదార్థంగా కూడా అక్కరకొస్తుంది.

కొన్నవారిలో చాలామంది మధ్యలో మానేయడానికి కారణం పురుగులు. తెల్లగా, లావుగా కనిపించే ఆ పురుగుల్లో ఎక్కువ భాగం బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు. అవి చెత్తను వేగంగా తినేస్తాయి, మనుషులకు హాని చేయవు. కానీ ఈ విషయం తెలిసినంత మాత్రాన అత్తగారు వాటిని వంటింటి గడపలో సహించాలని లేదు. తేమ తగ్గితే అవీ తగ్గుతాయి. గుప్పెడు తీసి గట్టిగా పిండినప్పుడు ముద్దగా నిలిచి, ఒకటి రెండు చుక్కలకు మించి నీరు రాకపోతే తేమ సరిగ్గా ఉన్నట్టు. కోస్తాలో వానాకాలం దీనికి కష్టకాలం, ఎండుటాకులు అప్పటికి ముందే సంచిలో దాచి ఉంచాలి. తెలంగాణ, రాయలసీమ వేసవిలో పరిస్థితి తలకిందులవుతుంది. మట్టి గోడ నీటిని పీల్చేసి లోపలి పదార్థం ఎండిపోతుంది, అప్పుడు నీళ్లు చల్లుతూ ఉండాలి.

అసలు లోపం బరువు. నిండిన పైకుండను దించి స్థానం మార్చడం పెద్దవారికి, నడుము నొప్పి ఉన్నవారికి ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు. మట్టి కనుక జారితే పగులుతుంది. ఒక్క కుండ విడిగా అమ్మే దుకాణం దగ్గరైతేనే కొనండి. కొన్నాళ్లకు బయటి గోడలపై తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, అది చూడటానికి బాగుండకపోయినా వాడకానికి అడ్డు కాదు.

ఇంకా కొన్ని సాధనాలున్నాయి. విద్యుత్తుతో నడిచే యంత్రాలు ఖరీదైనవి. చాలావాటిలో గంటల్లో వచ్చేది ఎండిన పొట్టే తప్ప మాగిన ఎరువు కాదు. చెత్తను గాలి చొరకుండా పులియబెట్టే బొకాషి బకెట్లలో మాగినదాన్ని మళ్లీ మట్టిలో పూడ్చాలి, కుండీల జాగా లేనివారికి అది మరో సమస్య.

ఎరువు సంగతి అలా ఉంచితే, ఈ కుండల వల్ల నాకు కనిపించిన పెద్ద లాభం పొడి చెత్తలో ఉంది. తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్తను విడివిడిగా ఉంచాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. హైదరాబాద్‌లో ఇంటింటికీ నీలం, ఆకుపచ్చ బుట్టలు పంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో మూడు రంగుల బుట్టలు ఇచ్చారు. బుట్టలు ఇచ్చినా చాలా ఇళ్లలో అలవాటు నిలవలేదు, ఎందుకంటే వేరు చేసిన తర్వాత ఆ చెత్త ఏమవుతుందో ఇంటివారికి కనిపించదు. కుండలో అది కళ్ల ముందే కనిపిస్తుంది. పొరపాటున ఒక షాంపూ ప్యాకెట్ పడితే రెండు నెలల తర్వాత జల్లెడలో అలాగే తేలుతుంది కాబట్టి, ఇంట్లో పిల్లలు సహా అందరూ చెప్పకుండానే జాగ్రత్తపడతారు. తడి అంటని కాగితాలు, అట్టలు పాత పేపర్లు కొనేవారు తీసుకుంటారు. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లకూ కొన్నిచోట్ల గిరాకీ ఉంది. చిప్స్ ప్యాకెట్ల వంటి పలు పొరల కవర్లకు మాత్రం కొనేవారు దొరకరు, వాటిని ఇంటికి తేవడమే తగ్గించుకోవాలి.

మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. అది హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ వంటి చెత్త యార్డుల్లో గుట్టగా పడి, గాలి ఆడక కుళ్లితే మీథేన్ వెలువడుతుంది, నల్లటి మురుగు భూగర్భజలంలోకి దిగుతుంది. అందువల్ల గేటెడ్ కమ్యూనిటీల సంఘాలు గోడల మీద నినాదాలు రాయించే డబ్బుతో నాలుగైదు ఇళ్లకు ఈ కుండలు కొనిచ్చి, తయారైన ఎరువును అక్కడి తోటలోనే వాడితే ఫలితం ఎక్కువని నేను అనుకుంటాను. మిగతా ఇళ్లవారు కరపత్రాలు చదివి కాదు, పక్కింటి బాల్కనీలో వాసన లేదని చూసి ముందుకు వస్తారు.

నలుగురికి మించని కుటుంబానికి, ఎండ నేరుగా పడని బాల్కనీ ఉన్నవారికి ఇది కొనదగిన వస్తువు. అయిదారుగురున్న ఇంటికి ఒక సెట్టు చాలదు. రోజూ మాంసాహారం వండేవారు, తరచూ ఊళ్లు తిరిగేవారు దీన్ని కొనకపోవడమే మంచిది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే డెలివరీ మనిషి ఉండగానే ప్రతి కుండనూ వేలితో తట్టి చూడండి. ఖంగుమని మోగకపోతే సన్నటి పగులు ఉన్నట్టే, వెంటనే వెనక్కి ఇచ్చేయండి.