హిట్ డైస్: ఒక్క అంకెతో ఇన్నేళ్ల ఆట

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలో పాత్రగా, పాచికలు వేస్తూ ఆడే ఆట. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన దాని బేసిక్ రూల్‌బుక్‌లో ప్రతి మాన్‌స్టర్ పేరు కింద హిట్ డైస్ అని ఒక అంకె ఉంటుంది. చాలా ఏళ్లుగా ఆ పుస్తకంతోనే మా వాళ్లకి ఆట ఆడిస్తున్నాను. ఈ సమీక్ష ఆ ఒక్క అంకె గురించే. క్లాసులు, మంత్రాలు, నిధుల లెక్కలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

చిన్న రాక్షసి గాబ్లిన్‌కి 1-1, ఓర్క్‌కి 1, హాబ్‌గాబ్లిన్‌కి 1+1, భారీ ఆకారం ఓగర్‌కి 4+1. ముందున్న అంకె ఎంతో అన్ని ఎనిమిది ముఖాల పాచికలు వేసి, పక్కనున్నది కలిపితే లేదా తీసేస్తే దాని హిట్ పాయింట్లు, అంటే చచ్చేలోపు అది ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ లెక్క, వస్తాయి. అయితే ఆ అంకె పని అక్కడితో అయిపోదు. ఆ మాన్‌స్టర్ మనల్ని కొట్టాలంటే ఎంత పడాలి, దాన్ని చంపితే ఎన్ని ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు వస్తాయి అనేవి కూడా దాన్ని బట్టే తేలతాయి. నిద్రపుచ్చే స్లీప్ మంత్రానికి పడిపోతుందా లేదా అన్నదీ అంతే. 4+1 దాటినదాన్ని ఆ మంత్రం ఏమీ చేయలేదు.

డీఎంగా, అంటే ఆట నడిపించే డంజన్ మాస్టర్‌గా, కూర్చునేవాళ్లకి ఇది ఎంత హాయో చెప్పలేను. ఒకసారి మా వాళ్లు నేను కష్టపడి గీసుకున్న మ్యాప్ వదిలేసి, పాడుబడ్డ బావిలోకి తాడు వేసుకుని దిగారు. కింద ఏముందో నేనేమీ రాసుకోలేదు. నీళ్లలో ఏదో కదిలిందని చెప్పి, నోట్‌బుక్‌లో 3 అని వేసుకున్నాను. మాన్‌స్టర్ తయారు! ఆర్మర్ క్లాస్ (కవచం ఎంత గట్టిదో చెప్పే అంకె, తగ్గేకొద్దీ మేలు) 0 ఉన్నవాణ్ని కొట్టడానికి దానికి ఇరవై ముఖాల పాచిక మీద 17 పడాలి, చంపినవాళ్లకి 35 పాయింట్లు. ఆట ఎక్కడా ఆగలేదు.

ఈ అంకె పుట్టింది బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆటల్లో. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో తెచ్చిన చైన్‌మెయిల్ రూల్స్‌లో హీరో అంటే నలుగురి పెట్టు. అతను చావాలంటే ఒకే టర్న్‌లో నాలుగు దెబ్బలు పడాలి. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కూడా ఆ వాసన పోలేదు. అందులో ట్రోల్‌కి 6+3. మామూలు మనుషుల మీద అది ఆరుసార్లు దెబ్బ వేస్తుంది, అందులో ఒక్కదానికి 3 కలుపుకుంటుంది. అప్పట్లో హిట్ డైస్ అంటే ఆరు ముఖాల పాచికే, 1975లో వచ్చిన గ్రేహాక్ సప్లిమెంట్‌తో మాన్‌స్టర్లకి ఎనిమిది ముఖాలది వచ్చింది. ఇది చదివాక 4+1 అని కనిపిస్తే నాకు నలుగురు మనుషుల బలం కళ్ల ముందు కదులుతుంది.

నన్ను ఈ రూల్‌కి పూర్తిగా కట్టిపడేసింది మాత్రం రెండు ఓగర్ల సంగతి. ఒక గుహలో వేర్వేరు గదుల్లో వాటిని పెట్టాను. మొదటిదానికి తెర వెనక పాచికలు వేస్తే 1, 2, 1, 1 పడ్డాయి. ఒకటి కలిపితే 6. ఓగర్‌కి ఆరేనా! మళ్లీ వేద్దామని చెయ్యి వెళ్లింది కానీ ఆపుకున్నాను. పాచికలు చెప్పినట్టే వర్ణించాను: ఎముకల గూడులా ఉంది, ఆరిపోయిన నెగడు పక్కన కూర్చుని ఉంది, వీళ్లని చూసి లేవడానికే అవస్థపడుతోంది. ఒక్క బాణానికి పోయింది. మరుగుజ్జుగా ఆడే మా బావమరిది "ఇంతేనా బావా ఓగర్ అంటే?" అన్నాడు.

రెండోదానికి 8, 7, 8, 5 పడ్డాయి, ఒకటి కలిపితే 29. ఇంకేముంది, అదే ధీమాతో లోపలికి దూసుకుపోయారు. మొదటి దెబ్బకే మరుగుజ్జు నేలమీద పడ్డాడు. వీళ్ల దెబ్బలు తగులుతున్నాయి, అది మాత్రం చలించడం లేదు. స్లీప్ మంత్రం అంతకుముందే గాబ్లిన్ల మీద అయిపోయింది. చివరికి వెండి నాణేల సంచి వెనక్కి విసిరి పరుగెత్తారు. వెంటపడే మాన్‌స్టర్‌కి నిధి మీద ఆశ ఉంటే, ఆరు ముఖాల పాచిక మీద 1 నుంచి 3 పడితే ఆగిపోతుందని రూల్. 2 పడింది, బతికిపోయారు.

ఊరికి చేరాక వాళ్లలో వాళ్లే మొదలుపెట్టారు. మొదటిది అంత బక్కచిక్కి ఎందుకుంది? పెద్దది దాని తిండి లాక్కుంటోందా? అది బతికుంటే మన వైపు తిప్పుకునేవాళ్లమా? ఆ తర్వాత చాలా వారాలు ఆట దీని చుట్టూనే తిరిగింది. నేను రాసుకున్న కథ కాదు ఇది, పాచికలు ఇచ్చినది. ఇదే ఆట 2014 ఎడిషన్‌లో ఓగర్ పక్కన హిట్ పాయింట్లు 59 అని సగటు అచ్చువేసి ఉంటుంది. పాచికలు వేసుకునే వీలు అక్కడా ఉంది, కానీ నేను ఆడిన చోటల్లా ఆ 59నే వాడారు. ఏ ఓగర్‌ని చూసినా ఒకటే ఓగర్.

ఇక శవాలు తినే ఘూల్ దగ్గరికొస్తే ఈ అంకెని అంతగా నమ్మలేం. దానికి 2, పక్కన ప్రత్యేక శక్తి ఉందని చెప్పే ఒక చుక్క గుర్తు. రెండు గోళ్లు, ఒక కాటు, ఏది తగిలినా సేవింగ్ త్రో (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పితే ఒళ్లు కొయ్యబారిపోతుంది. ఎల్ఫ్ అనే జాతి పాత్రలకి మాత్రం ఆ బాధ లేదు. మా దగ్గర మూడు ఘూల్‌లు కలిసి ఎల్ఫ్ తప్ప అందరినీ పడగొట్టాయి. లెక్క చూస్తే ఒక్కోదానికి 25 చొప్పున మూడింటికీ 75 పాయింట్లు, ఒంటరి ఓగర్‌కి 125! ఆ చుక్క పాయింట్లని కాస్త పెంచుతుందే గానీ, ఎంత ప్రమాదమో చెప్పదు. అందుకే ఒక్క అంకె అన్నీ చెబుతుందని పైన నేను మురిసిపోయినదాన్ని, ఒంట్లో ఎంత సత్తువ ఉందో చెబుతుంది అన్నంతవరకే తీసుకోండి. ఇప్పుడు నేను ఘూల్‌ని, 4 హిట్ డైస్ ఉన్నదాన్ని పెట్టాలనుకునే గదుల్లో పెడుతున్నాను.

మేము రాత్రి భోజనాలయ్యాక, తక్కువ మందితో, రెండు గంటలు ఆడతాం. కొత్త క్యారెక్టర్ రాసుకోవడం అంటే మా వాళ్లకి సరదా, ఉన్నది చచ్చిపోయినా ఎవరూ అలగరు. అలాంటి వాళ్లు దొరికితే ఈ రూల్‌ని కళ్లు మూసుకుని తీసుకోండి. ఒకే క్యారెక్టర్‌ని ఏళ్ల తరబడి పెంచుకోవాలనుకునే వాళ్లకి మాత్రం ఆ 29 లాంటివి మింగుడుపడవు. వాళ్లకి ఆడించాల్సి వస్తే నేనైనా సగటే వాడతానేమో.