ఇయర్‌ఫోన్ జాక్ ఉందన్నారు, డబ్బా విప్పితే లేదు: బరంపురం చుట్టుపక్కల ఫోన్ కొనేవాళ్లు జాగ్రత్త

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం, పర్లాకిమిడి, ఇటు ఇచ్ఛాపురం వైపు కొత్త ఫోన్ కొనబోతున్న మనవాళ్లందరికీ ఒక హెచ్చరిక. మీకు గానీ, ఇంట్లో పెద్దవాళ్లకు గానీ తీగ ఇయర్‌ఫోన్ గుచ్చుకునే 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్న ఫోనే కావాలంటే, కౌంటర్ మీద పెట్టిన డమ్మీ ఫోన్ చూసి డబ్బు కట్టకండి. డబ్బాలోంచి తీసిన అసలు ఫోన్‌కి మీ పిన్ను గుచ్చి చూశాకే మిగతా పని కానివ్వండి. "కనెక్టర్ పెట్టుకుంటే సరిపోతుందండీ" అన్న మాట అస్సలు వినకండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ఫోన్ మా అమ్మకోసం. డెబ్బై దాటాయి, వినికిడి తగ్గింది. ఫోన్ చెవికి ఆనించుకుంటే సగం మాటలు అందవు. స్పీకర్ పెడితే గోల తప్ప మాట తెలియదు. రెండు చెవుల్లో తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడితో గంటసేపు హాయిగా మాట్లాడుతుంది. తీగ లేని బడ్స్ ఆవిడకు పనికిరావు. వేళ్లు వణుకుతాయి, ఒకటి జారి మంచం కింద పడితే వంగి తీయలేదు, డబ్బీ చార్జింగ్ పెట్టాలన్నది గుర్తుండదు. పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయింది కాబట్టి కొత్తది కొనక తప్పలేదు.

బజార్లో బాగా పేరున్న షాపుకే వెళ్లాం. పేరు రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. లోపలికి వెళ్తూనే అడిగిన మొదటి మాట "తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకోడానికి జాక్ ఉండాలి బాబూ, మా అమ్మకి" అని. కుర్రాడు మన తెలుగువాడే. "ఉందక్కా, చూడండి" అంటూ డమ్మీ ఫోన్ చేతికిచ్చాడు. కింది అంచున గుండ్రటి కన్నం ఉంది. అమ్మ వేలితో తడిమి చూసుకుంది కూడా. సరే అన్నాం, డబ్బు కట్టాం. ఆ తరవాత కౌంటర్ వెనకనే సీలు కోసి, సిమ్ వేసి, ఆన్ చేసి, అన్నీ వాళ్లే సెట్ చేసి మా చేతికిచ్చారు. చూస్తే చార్జింగ్ పెట్టే టైప్ సి కన్నం ఒక్కటే ఉంది.

అడిగితే వచ్చిన జవాబు: "డమ్మీ పోయినేడాది పీసక్కా. ఇది దాని తరవాతి నంబరు. అన్నీ అవే ఫీచర్లు." వెనక్కి తీసుకోండి అంటే, "ఆక్టివేట్ అయిపోయింది, కంపెనీ తీసుకోదు" అన్నారు. మేనేజరు వచ్చి, గొడవెందుకని ఒక చిన్న తెల్ల కనెక్టర్ ఉచితంగా చేతిలో పెట్టాడు. ఒక కొస టైప్ సి, ఇంకో కొస గుండ్రటి కన్నం. ఇంటికొచ్చి పెడితే చప్పుడే రాలేదు. ఇయర్‌ఫోన్ పాడైందేమోనని ఇంకోటి పెట్టాం, అదీ మూగే. ఫోన్ ఆ కనెక్టర్‌ని గుర్తించనే లేదు.

ఈ కనెక్టర్ల సంగతి షాపుల్లో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. అందుకే కాస్త ఓపిగ్గా చదవండి. ఫోన్‌లో దాచుకున్న పాటైనా, వచ్చే మాటైనా లోపల అంకెల రూపంలో ఉంటుంది. దాన్ని చెవికి వినిపించే విద్యుత్ సంకేతంగా మార్చే చిప్పును డాక్ (DAC) అంటారు. గుండ్రటి జాక్ ఉన్న ఫోన్‌లో ఆ మార్పిడి ఫోన్ లోపలే అయిపోతుంది, అందుకే పది రూపాయల ఇయర్‌ఫోన్ అయినా పలుకుతుంది. జాక్ తీసేసిన ఫోన్లు రెండు రకాలు. కొన్ని టైప్ సి కన్నంలోంచే మార్చిన సంకేతాన్ని బయటికి పంపుతాయి. వాటికి లోపల ఉత్త తీగలున్న చవక కనెక్టర్ చాలు. మిగతావి అంకెలు మాత్రమే పంపుతాయి. వాటికి కనెక్టర్‌లోనే డాక్ చిప్పు ఉండాలి. లేకపోతే మాకు అయినట్టే అవుతుంది. విచిత్రమేమిటంటే ఉత్త తీగల కనెక్టరూ, డాక్ ఉన్న కనెక్టరూ పైకి ఒకేలా ఉంటాయి, అచ్చం కవల పిల్లల్లా. అట్ట మీద డాక్ అని రాసి ఉంటేనే తీసుకోండి. రాసి ఉన్నా మీ ఫోన్‌కి అక్కడే పెట్టి, ఒక పాట విని, ఒక ఫోన్ చేసి అవతలివాళ్లకు మీ మాట వినిపిస్తోందో లేదో చూసి మరీ తీసుకోండి.

డాక్ ఉన్నది దొరికినా బాధలు తీరవు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ (చార్జింగ్ కన్నానికి బయటి వస్తువులు కలుపుకోనిచ్చే సౌకర్యం) ఆన్ చేస్తేనే అది పలుకుతుంది, కాసేపు వాడకపోతే ఆ ఓటీజీ దానంతట అదే ఆగిపోతుంది. డెబ్బై ఏళ్ల మనిషి ప్రతిసారీ సెట్టింగ్స్ తెరుచుకుంటుందా? పైగా మామూలు కనెక్టర్ పెడితే చార్జింగ్ పెట్టడం కుదరదు, ఉన్నది ఒకటే కన్నం కదా. రెండూ ఒకేసారి కావాలంటే రెండు దారులున్న కనెక్టర్ వేరే కొనాలి. రోజూ తీసి పెట్టడం వల్ల చార్జింగ్ కన్నమే వదులైపోతే, అసలుకే మోసం. గుండ్రటి జాక్ పాడైతే ఇయర్‌ఫోన్ ఒక్కటే ఆగుతుంది, టైప్ సి పాడైతే ఫోనే ఆగుతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి ఉంది, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. తుపానులు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి, శ్రీకాకుళంతో పాటు మన గంజాం, గజపతి జిల్లాలను కూడా చితక్కొట్టింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, నెట్ అన్న మాటే లేదు. అలాంటప్పుడు గాలివార్త కాకుండా నిజమైన వార్త చెప్పగలిగేది రేడియో. ఫోన్‌లో ఎఫ్ఎం రేడియోకి నెట్ అక్కర్లేదు. కానీ దానికి ఏరియల్ కావాలి, ఆ ఏరియల్ మనం గుచ్చే ఇయర్‌ఫోన్ తీగే. తీగ తీసేస్తే "ఇయర్‌ఫోన్ పెట్టండి" అని ఫోన్ అడిగేది అందుకే. జాక్ పోయిన ఫోన్లలో చాలావాటిలో ఎఫ్ఎం కూడా పోయింది. 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఫోన్ తయారీదారుల సంఘాలకు ఒక సూచన పంపింది: ఎఫ్ఎం ఉన్న ఫోన్లలో దాన్ని మూసేయవద్దు, లేనివాటిలో చేర్చండి అని. విపత్తుల సమయంలో పనికొస్తుందన్నది కూడా అందులో ఒక కారణం. అది సూచనే, నిర్బంధం కాదు. కాబట్టి చూసుకోవాల్సింది మనమే. జాక్ ఉన్నంత మాత్రాన ఎఫ్ఎం ఉంటుందని లేదు, షాపులోనే రేడియో యాప్ తెరిచి చూడండి.

ఇక ఆ "తరవాతి నంబరు" మాట. అన్నిటికంటే పెద్ద ఉచ్చు ఇదే. యాపిల్ 2016లో ఐఫోన్ 7తో జాక్ తీసేశాక, ఖరీదైన ఫోన్లలోంచి అది ఒక్కొక్కటిగా మాయమైంది. ఇప్పుడు మధ్యరకం ఫోన్లలోంచి పోతోంది. ఒకే వరసలో ఒక నంబరుకి ఉంటుంది, పక్క నంబరుకి ఉండదు. గెలాక్సీ ఎ52కి ఉంది, ఎ53కి లేదు. మోటో జి84కి ఉంది, జి85కి లేదు. రెడ్‌మీ నోట్ 13 ప్రో 5జీకి ఉంది, పక్కనే ఉన్న ప్రో ప్లస్‌కి లేదు. నా గొడవ వీటిలో ఏ ఫోన్‌తోనూ కాదు. అంకె ఒకటి మారితే, చివర ఒక మాట చేరితే ఎంత తేడా వస్తుందో తెలియడానికి ఇవి చెప్పాను. ప్రో ప్లస్ అంటే అన్నీ ఎక్కువే ఉంటాయనుకుంటాం, జాక్ విషయంలో లెక్క తిరగబడుతుంది. ఎక్కువ ధర పెట్టేకొద్దీ జాక్ దొరికే ఆశ తగ్గుతుంది. పది, పదిహేను వేల లోపు ఫోన్లలో ఇప్పటికీ బాగానే దొరుకుతుంది, పెద్దవాళ్లకు ఆ ఫోన్లు చాలు కూడా.

షాపులో ఏం చేయాలో చెప్తాను. మోడల్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా, డబ్బా మీద చదివి కంపెనీ సొంత సైట్‌లో చూడండి. ఆడియో అన్నచోట 3.5 మిల్లీమీటర్లు అని స్పష్టంగా ఉండాలి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఇక్కడే మోసపోతున్నారు: "ఆడియో జాక్" అన్న గడిలో "టైప్ సి" అని రాసి ఉంటుంది. జాక్ అన్న మాట కనిపించింది కదా అని సంతోషపడకండి, గుండ్రటి కన్నం లేదనే దాని అర్థం.

ఇంకో సులువైన ఉపాయం. అదే మోడల్‌కి పౌచ్ చూపించమని అడగండి. ఆ ఫోన్‌కే కొలిచి చేసిన పౌచ్‌కి కింద గానీ పైన గానీ జాక్ కోసం గుండ్రటి సందు ఉంటుంది. లేకపోతే అనుమానించాల్సిందే. సూది మొనంత చిన్న కన్నం మైకుది, దాన్ని చూసి మోసపోవద్దు. డమ్మీల మాటకొస్తే, అవి ఉత్త ప్లాస్టిక్ బొమ్మలు, ఏ ఏడాదివో ఎవరికి తెలుసు?

అన్నిటికంటే ముఖ్యం, సీలు మీ కళ్ల ముందు తీయించండి, సిమ్ వేయకముందే, వైఫై కలపకముందే ఫోన్ నాలుగంచులూ చూడండి. షాపువాళ్లు ఆక్టివేషన్‌కి తొందరపడతారు, ఆగమనండి. సీలు తీసేముందే "జాక్ లేకపోతే వెనక్కి తీసుకుంటారా" అని అడిగి, బిల్లు మీద "3.5 ఎంఎం జాక్ ఉంది" అని పెన్నుతో రాయించి సంతకం పెట్టించుకోండి. రాయనన్న షాపులో కొనవద్దు. జాక్ ఉన్న ఫోన్ అమ్మేవాడికి ఆ ఒక్క వాక్యం రాయడానికి భయమెందుకు?

ఇంట్లో పాత ఇయర్‌ఫోన్ ఉంటే అదే పట్టుకెళ్లండి, కొత్త ఫోన్‌కి గుచ్చి పాటా వినండి, ఫోనూ చేయండి. మైకున్న ఇయర్‌ఫోన్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, మైకు లేనిదానికి రెండే. మరీ పాత హెడ్‌సెట్లలో మైకు తీగ, ఎర్తు తీగ ఇప్పటివాటికి తారుమారుగా ఉంటాయి. పాట ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుండి, మైకు బటన్ నొక్కి పట్టుకుంటే మాత్రం బాగా వినిపిస్తే తప్పు ఫోన్‌ది కాదు, హెడ్‌సెట్‌ది.

ఇప్పటికే మాలా ఇరుక్కున్నవాళ్లు ఊరుకోకండి. వస్తువు ఫలానా మోడల్, ఫలానా రకం అని అబద్ధం చెప్పి అమ్మడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెప్తోంది. ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో ఉన్న మనకు బాగా పనికొచ్చే సంగతేమిటంటే, ఈ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఫోన్ శ్రీకాకుళంలో కొన్నా, విశాఖలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, గంజాంలో ఉండేవాళ్లు గంజాంలోనే వేసుకోవచ్చు. రాష్ట్రం దాటి తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. బిల్లు, డబ్బా, డమ్మీ ఫోటో, షాపువాళ్లతో వాట్సాప్‌లో మాట్లాడినవి ఏవీ పారేయకండి. మేం ఆ డమ్మీని ఫోటో తీసి ఉంచాం. ఇప్పుడు షాపువాడు "మేం అలా చెప్పలేదు" అంటుంటే, మా తరఫున మాట్లాడుతున్నది ఆ ఫోటోయే.

మా ఫిర్యాదు 1915లో నమోదైంది, షాపు నుంచి జవాబు రావాలి. వచ్చిందేమిటో ఇక్కడే రాస్తాను. ఈలోగా అమ్మకోసం డాక్ ఉన్న కనెక్టర్ వెతుకుతున్నాం. బరంపురంలో గానీ ఇచ్ఛాపురంలో గానీ, కొనేముందు మన ఫోన్‌కి పెట్టి విననిచ్చే షాపు ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. అలాగే ఈ మధ్య మీరు కొన్న ఫోన్‌కి గుండ్రటి జాక్, ఎఫ్ఎం రెండూ ఉంటే దాని పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా రాయండి. మా వీధిలో ఇంకా ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు దానికోసమే చూస్తున్నారు.