గేర్ పానా: ఆరేళ్ళు వాడిన తర్వాత

మాది కావలి. బండి పది టైర్ల పాత లారీ. నా చేతికి రాకముందు దాని బతుకు సగం ఇసకపల్లి ఉప్పు తోలడంలోనే గడిచింది. నేను కొన్నాక చీమకుర్తి రాయి ఎత్తుతున్నా. ఉప్పు తిన్న నట్టు మీద రాతి దుమ్ము పేరుకుంటే ఎట్టా పట్టేస్తుందో లారీ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

2019 మే నెలలో ఉలవపాడు దగ్గర వెనక లోపలి టైరు పోయింది. ఎదురుగా మామిడికాయల కొట్లు, నెత్తిన ఎండ. పానాకి ఆరడుగుల పైపు తొడిగి, నేనూ క్లీనరూ మార్చి మార్చి ఎక్కి తొక్కాం. పదిలో మూడు నట్లు కదల్లేదు. నాలుగోసారి పానా జారి పైపు నా మోకాలికి తగిలింది. ఆ కుంటుడుతోనే పోయి 3,500 పెట్టి గేర్ పానా కొన్నా. డబ్బా మీద టార్క్ మల్టిప్లయర్ అని ఉంటది.

లోపల చిన్న గేర్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. నా దాని మీద 1:58 అని కొట్టుంది. హ్యాండిల్ 58 చుట్లు తిప్పితే నట్టు తిరిగేది ఒక్క చుట్టు. సాకెట్టు, అంటే నట్టుకి తొడిగే గిన్నె, నట్టుకి పెట్టి, పానాకి ఉన్న ఇనప కాలు పక్క నట్టుకి ఆనించి తిప్పాలి. మొదటి చుట్లు వదులుగా పోతాయి. తర్వాత కాలు పక్క నట్టు మీద కూర్చుంటది, హ్యాండిల్ బరువెక్కుతది, పానా మొత్తం ఒక పక్కకి ఒరుగుతది. ఇక కాదేమో అనుకునేలోపు టక్కుమని నట్టు వదిలిన శబ్దం, స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) మొదట్లోంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. మొదటిసారి ఆ శబ్దం విన్నప్పుడు ఏదో విరిగిందనుకుని హడలిపోయా.

మెచ్చుకోవాల్సింది అంతా అదే. మా క్లీనరు యాభై కిలోలు కూడా లేడు, ఒక్కడే టైరు దించుతున్నాడు. ఈ సైజు చక్రం నట్లని మామూలుగా 550–600 న్యూటన్ మీటర్లతో (తిప్పే బలానికి కొలత అది) బిగిస్తారు. తుప్పు పట్టినా, ఏ పంచరు షాపోళ్ళో గాలి గన్నుతో అదేపనిగా కొట్టినా, విప్పడానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి.

చిక్కు కూడా ఆ బలంలోనే ఉంది. పైపు మీద నిలబడితే స్టడ్డు సాగుతుంటే నడుముకి తెలుస్తుంది. మెత్తగా దిగుతున్నట్టు ఉంటది, వెంటనే ఆపేస్తాం. గేర్ పానా ఆ సంగతి చేతికి చెప్పదు. మా బండికి ఎడమ పక్క చక్రాలకి ఉల్టా త్రెడ్డు, మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుసుకుంటది. స్టడ్డు కొస మీద ఎల్ అని ఉంటది గానీ మడ్డీ కింద ఎవడికి కనపడుద్ది? ఓ రాత్రి సింగరాయకొండ దాటాక నేను టీకి పోయొచ్చేలోపు మా వాడు, "అన్నా, బాగా తిరుగుతుండాది!" అన్నాడు. తిరగదా మరి, బిగిస్తుంటే! రెండు స్టడ్లు తెగి హబ్బులోనే ఉండిపోయాయి. అప్పట్నుంచి ముందు వైరు బ్రష్షుతో కొస రుద్ది చూడందే సాకెట్టు పెట్టనివ్వను.

ఇంకొకటి, తొందర పడకూడదు. ముందు రోజు రాత్రే బ్రష్షు కొట్టి తుప్పు వదిలే ఆయిలు పోసి పెడితే సగం పని అయిపోతుంది. గ్యాసు పెట్టి కాలుస్తానన్న మేస్త్రీని మాత్రం నేను దగ్గరికి రానివ్వను. రిమ్ముకి టైరు ఉండగా వేడి చేస్తే టైరు పేలుద్ది. గాలి తీసినా నమ్మకం లేదు.

ఆరేళ్ళలో దానికి జరిగినవి: దాంతో ఇచ్చిన 33 ఎంఎం సాకెట్టు రెండో ఏడే చీలింది, గాలి గన్నుకి వాడే మంచి సాకెట్టు వేరే కొన్నా. కాలు కొంచెం వంగింది. మూడో ఏడు ఎండిపోయిన గ్రీజు విప్పి కడిగి మళ్ళీ పెట్టా, గేర్లు మాత్రం కొత్తవాటిలా ఉండాయి. బిగించడానికి దీన్ని వాడను. మామూలు పానాతో బిగించి, తర్వాత ఎంత బలంతో బిగిసిందో చెప్పే టార్క్ పానాతో చూసుకుని, వంద కిలోమీటర్లలోపు ఆగి మళ్ళీ చూస్తా.

కొనేటప్పుడు సాకెట్టు మీ నట్టుకి పెట్టి చూసి కొనండి, ఏ మాత్రం ఆడినా వద్దు. తిప్పేటప్పుడు రెండో చెయ్యి కాలికీ పక్క నట్టుకీ మధ్యన పెట్టొద్దు. నా ఎడమ చూపుడు వేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది.