సైక్లర్‌కి మోడెమ్ తగిలించాక: ఇంటి డయాలసిస్‌లో రిమోట్ మానిటరింగ్‌పై నా సమీక్ష

ఇంట్లో రాత్రిపూట సైక్లర్ అనే మెషిన్ మీద పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి ఫ్లూయిడ్ నింపి, తీసి రక్తాన్ని శుభ్రం చేసే పద్ధతి) చేసుకుంటాను. ఆ మెషిన్‌కి, దాని డేటాని ఆస్పత్రికి పంపే మోడెమ్ పెట్టించుకుని ఏళ్లు గడిచాయి. పెట్టించుకోవచ్చా అంటే, పెట్టించుకోండి. కాకపోతే అవతల ఆ డేటాని రోజూ చూసే నర్సు ఉండాలి. లేకపోతే దండగ.

రాత్రంతా మెషిన్ పొట్టలోకి ఫ్లూయిడ్ నింపి, కాసేపు ఉంచి, బయటికి తీసి, మళ్లీ నింపుతుంటుంది. ఎంత నింపింది, ఎంత తిరిగొచ్చింది, ఎన్నిసార్లు అలారం మోగింది, నేను మధ్యలో ఎంతసేపు ఆపాను, ఈ లెక్కలన్నీ తెల్లారేసరికి ఆస్పత్రికి చేరిపోతాయి. బరువు, బీపీ మాత్రం నేనే నొక్కాలి. ఇదివరకు నోటుబుక్కులో రాసి నెలకోసారి పట్టుకెళ్తే, డాక్టర్‌గారు రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేవారు.

అసలు ఉపయోగం ఒక వారం తెలిసొచ్చింది. డ్రెయిన్ (ఫ్లూయిడ్ బయటికి రావడం) సరిగ్గా లేదని అలారం పదేపదే మోగి నిద్ర పాడవుతోంది. ట్యూబు ఎక్కడైనా మడత పడిందేమోనని వెతుకుతుంటే పొద్దున్నే నర్సమ్మ ఫోన్ చేశారు. "డ్రెయిన్ బాగా నెమ్మదిగా వస్తోందండీ. మోషన్ సరిగ్గా అవుతోందా?" అవడం లేదు. పేగులు నిండిపోతే పొట్టలో పెట్టిన కాథెటర్ గొట్టాన్ని నొక్కేస్తాయట, పక్కకి కూడా నెట్టేస్తాయట. విరేచనానికి మందిచ్చారు, డ్రెయిన్ మళ్లీ దారిన పడింది. ఆస్పత్రికి వెళ్లే పనే పడలేదు.

నింపే పరిమాణం, పొట్టలో ఉంచే సమయం కూడా ఆస్పత్రి నుంచే మార్చి పంపుతారు. మెషిన్ తెర మీద నేను ఒప్పుకుంటే చాలు. అయితే నేను తగిలించింది 1.5 శాతం గ్లూకోజ్ బ్యాగో, 2.5 శాతందో, 4.25 శాతందో మా మెషిన్‌కి తెలియదు. గ్లూకోజ్ ఎక్కువైన కొద్దీ నీరు ఎక్కువ లాగుతుంది. అందుకే నా బరువు గబుక్కున తగ్గితే నర్సు ముందు అడిగేది ఏ బ్యాగు పెట్టారనే.

ఇన్‌ఫెక్షన్ సంగతి వేరు. పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొరకి ఇన్‌ఫెక్షన్) వస్తే బయటికొచ్చే నీళ్లు మబ్బుగా మారతాయి, కడుపు నొస్తుంది. మోడెమ్ పంపే అంకెల్లో అది కనపడకపోవచ్చు. నేను ఇప్పటికీ డ్రెయిన్ బ్యాగ్ వెనక పేపర్ పెట్టి అక్షరాలు చదవగలుగుతున్నానా లేదా అని రోజూ చూస్తాను. చదవలేకపోతే ఫోటో పంపి జవాబు కోసం కూర్చోకూడదు. బ్యాగ్ తీసుకుని వెంటనే వెళ్లాలి, ఆ నీళ్లు ల్యాబ్‌లో చూడాలి. పొటాషియం, హిమోగ్లోబిన్‌ల రక్త పరీక్షకీ సూది పొడవాల్సిందే.

వీడియో కాల్ మందుల మార్పులకి బాగానే ఉంటుంది. కాళ్ల వాపు చూడటానికి మాత్రం అంతంతే. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి గుంట పడిందో లేదో కెమెరాకి చూపించమంటారు. ఒక చేత్తో కాలు, ఇంకో చేత్తో ఫోను, మధ్యలో లైటు చాలదు. పైగా గుంట పడిందా అని వాళ్లే నన్ను తిరిగి అడుగుతారు!

యాప్ మాటిమాటికీ లాగౌట్ అయిపోతుంది. దాన్ని భరించవచ్చు. నాకు టెన్షన్ పెట్టేది సెలవు రోజులే. శనివారం రాత్రి డేటా సోమవారం దాకా ఎవరూ తెరవరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మోడెమ్ పెట్టించే ముందు మీ సెంటర్‌లో ఇది అడగండి, ఆదివారం ఎత్తే ఫోన్ నంబర్ కూడా రాయించుకోండి.