చవక మెటల్ గిటార్: ఫిక్స్‌డ్ బ్రిడ్జా, ఫ్లోటింగ్ బ్రిడ్జా?

మెటల్ సంగీతానికి గిటార్ అనగానే అందరి కన్నూ పికప్‌ల (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాల) మీదే. అవి తర్వాతైనా మార్చుకోవచ్చు. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) అలా కాదు, దాని కోసం బాడీనే తొలిచి ఉంటుంది.

ఫ్లోటింగ్ బ్రిడ్జ్ అంటే బార్ అనే కడ్డీతో కదిపి శ్రుతి మార్చగలిగేది. దానిది తక్కెడ లెక్క: ఒకవైపు తీగల లాగుడు, ఇంకోవైపు వెనక స్ప్రింగులు. ఆరో తీగని (అన్నిటికంటే లావుది) ఈ (E) నుంచి డీ (D)కి దించారా, మిగతా ఐదింటి శ్రుతీ పైకి పోతుంది. పామ్ మ్యూట్‌లో (తీగల్ని చేత్తో అణచి వాయించేటప్పుడు) అరచేయి గట్టిగా ఆనినా అంతే. తీగ తెగితే ఆ పాట అక్కడితో సరి. చవక రకాల్లో లోహం మెత్తన. బ్రిడ్జ్ ఆనే కత్తి అంచులు అరిగిపోయి, బార్ వదిలాక శ్రుతి సరిగ్గా వెనక్కి రాదు.

కదలకుండా బాడీకి బిగించిన ఫిక్స్‌డ్‌లో ఈ గొడవ లేదు. డ్రాప్ డీ (ఆరో తీగని మాత్రమే డీకి దించడం) ఒక్క మెలికతో అయిపోతుంది. డ్రాప్ సీకి (ఆరో తీగ సీ దాకా, మిగతావీ ఒక స్వరం కిందికి) మాత్రం 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద 11-54 తీగలు (అన్నిటికంటే సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేయండి. 10-46 అయితే ఆరో తీగ వదులై నెక్ మీది లోహపు ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. ట్యూన్ చేస్తుంటే ‘టిక్’మని శ్రుతి గెంతిందంటే, లావు తీగ నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కున్నట్టే. గాడిని కొద్దిగా వెడల్పు చేసి (లోతు పెంచొద్దు!) పెన్సిల్ గ్రాఫైట్ రుద్దండి.

మొదటి గిటారైతే ఫిక్స్‌డే. ఫ్లోటింగ్ ఇప్పటికే కొనేసి ఉంటే, వెనక మూత తీసి, ట్రెమొలో బ్లాక్‌కీ (బ్రిడ్జ్ కింద స్ప్రింగులు తగిలించిన లోహపు దిమ్మ) నెక్ వైపు గోడకీ మధ్య సరిపడా చెక్కముక్క బిగించండి. డైవ్‌లు (బార్ నొక్కి శ్రుతి కిందికి జార్చడం) పనిచేస్తాయి, డ్రాప్ ట్యూనింగూ నిలుస్తుంది.